అట్ట మీద మన మొహం ఎవరు గీస్తారు?

(పాటల పుస్తకం అచ్చు పని మాట్లాడుకోవడానికి మలికిపురంలో కూర్చున్నప్పుడు చేసిన ప్రసంగానికి రాతరూపం)



పాటల పుస్తకం వెయ్యాలని మనం అనుకుని చాన్నాళ్లయింది. పాటలు కుదిరాయి. చందాలు కొంత పోగయ్యాయి. తగువు ఎక్కడొచ్చిందంటే అట్ట దగ్గరొచ్చింది. లోపల పాట బాగుంటే చాలదా, అట్టకెందుకండీ డబ్బు తగలెయ్యడం అని పెద్దలంటున్నారు. మంచి అట్ట లేకపోతే అసలు పుస్తకాన్ని ఎవరు ముట్టుకుంటారు అని కుర్రాళ్లంటున్నారు. ముట్టుకోవడం అన్న మాట మనకు ఉత్తుత్తి మాట కాదు గదా! అందుకే ఈ సంగతి కాస్త తీరిగ్గా మాట్లాడదామని మేము లేచాము. మేము బడిపంతుళ్లం. మా ఇళ్లల్లో మాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. పుస్తకం లోపలికి వెళ్లేముందు చాలాకాలం అట్ట దగ్గరే నిలబడ్డవాళ్లం. కాబట్టి అట్ట గురించి మాట్లాడే హక్కు మాకుంది.

మన పేటల్లోకి అట్ట కట్టిన పుస్తకం మొదట ఎలా వచ్చింది? నర్సాపురంలో 1830ల్లో దిగిన గోదావరి డెల్టా మిషన్ దొరల వెనకాల బైబిలు వచ్చింది, కీర్తనల పుస్తకం వచ్చింది. నల్లటి అట్ట, దాని మీద బొమ్మ లేదు, ఏమీ లేదు. మన అమ్మమ్మలకు అక్షరం రాకపోయినా ఆ నల్ల అట్టను తెల్లగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని ఆదివారం నడిచారు. చదువు నిషేధించిన కులం చంకలో ఒక పుస్తకం! ఊళ్లో వాళ్లకు అది కనపడింది. అట్ట చేసే మొదటి పని అదే. లోపల ఏముందో తర్వాత, ముందు ఈ మనిషి దగ్గర పుస్తకం ఉంది అని లోకానికి చెబుతుంది.

ఇంకో అట్ట ఉంది. మన పేటలో చదువు రాని పిల్లోడు కూడా రోజూ చూసే అట్ట. బాబాసాహెబ్ విగ్రహం చేతిలో ఉన్న పుస్తకం అట్ట. మలికిపురం నుంచి రాజోలు దాకా, ఇటు సఖినేటిపల్లి దాకా సైకిలేసుకుని వెళ్లి చూడండి. ఒక పేటలో ఆ పుస్తకానికి ఎర్ర రంగు, ఇంకో పేటలో నీలం. ఒకచోట 'భారత రాజ్యాంగం' అని తెలుగులో, ఒకచోట ఇంగ్లీషులో. ఒక చోట అక్షరాలు పట్టక 'రాజ్యాంగం' అని మాత్రమే రాసి ఊరుకున్నాడు పెయింటరు. అసలు మూలప్రతి అట్ట ఎలా ఉంటుందో తెలుసునా? నల్లటి తోలు, దాని మీద బంగారు రంగు నగిషీ. లోపలి రాత ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా అనే ఆయన చేత్తో రాసింది. బొమ్మలు నందలాల్ బోస్, ఆయన శాంతినికేతన్ శిష్యులు వేసినవి. ఢిల్లీలో పార్లమెంటు గ్రంథాలయంలో గాజుపెట్టెలో భద్రంగా ఉంది. అది మన పేటలో ఎవరు చూశారు గనక? మనకు తెలిసిన రాజ్యాంగం అట్ట ప్రతి ఏప్రిల్ 14కి ముందు మన కుర్రాడు నిచ్చెనేసుకుని వేసిందే. దేశంలో ఏ పుస్తకానికీ ఇన్ని వేల ముఖచిత్రాలు లేవు. అవి వేసినవాళ్లకు ఏ అకాడమీ సన్మానమూ లేదు. ఏ అట్ట లోపలా 'ముఖచిత్రం: ఫలానా' అని వాళ్ల పేరు లేదు.

ఇక అమ్మకం సంగతికి వద్దాం. మన వైపు పుస్తకాల సంత అంటే అంతర్వేది తీర్థమే. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి గోనెపట్టా పరిచి దాని మీద పుస్తకాలు వెల్లకిలా పేరుస్తారు. వెల్లకిలా అన్నది గమనించండి. గ్రంథాలయం బీరువాలో పుస్తకం నిలబడుతుంది, వెన్ను కనపడుతుంది. తీర్థంలో పడుకుంటుంది, మొహం కనపడుతుంది. కొండపల్లి వీరవెంకయ్య, గొల్లపూడి వీరాస్వామి లాంటి రాజమండ్రి ప్రచురణకర్తల పుస్తకాలు ఇలాంటి పట్టాల మీదే పల్లెపల్లెకూ వెళ్లాయి. వ్రతకథ, దండకం, పెద్దబాలశిక్ష, పంచాంగం. దేవుడి బొమ్మ నడిమధ్యన, పేరు పెద్ద అక్షరాల్లో. నడిచిపోయే మనిషి తల తిప్పితే ఆ ఒక్క క్షణంలో అందాలి. మనువు ఏం చెప్పాడో మన జనం మనుస్మృతి చదివి తెలుసుకోలేదండీ. ఇలాంటి అట్టలు చూసి, కేలండర్లు చూసి, ఎవరు పైన కూర్చుంటారో ఎవరు కాళ్ల దగ్గర కూర్చుంటారో తెలుసుకున్నారు. అట్టకెందుకు డబ్బు అనే పెద్దలు దీనికి జవాబు చెప్పాలి.

రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే నర్సాపురం. 1933లో అక్కడ పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ గారు, అదే బాపు గారు, తెలుగు పుస్తకం మొహాన్నే మార్చేశారు. ఆయన గీత గొప్పది, అబద్ధమాడకూడదు. రెండు గీతల్లో మనిషి లేచి నడుస్తాడు. ఆయన చేతిరాత చూసి కంప్యూటరు అక్షరాలు తయారయ్యాయి, ఇవాళ మన పేట పెళ్లి శుభలేఖ మీద కూడా ఆ అక్షరాలే. సరే. కాని 'బాపు బొమ్మలా ఉంది' అని లోకం ఏ అమ్మాయిని అంటోంది? వాలుజడ, పట్టుపరికిణీ, ముంగిట్లో ముగ్గు. మోకాటి లోతు బురదలో నాట్లేసే మన ఆడకూతుర్ని చూసి ఎవరైనా ఆ మాట అన్నారా? ఇది ఒక్క బాపు గారి నేరం కాదు. ఏ ఇళ్ల కథలు అచ్చయ్యాయో ఆ ఇళ్ల మనుషులే అట్టల మీదికి వచ్చారు. 1947లో మొదలైన చందమామ మేమూ చదివాము, మా పిల్లల చేతా చదివించాము. దాని అట్టల మీద రాజులూ రాణులూ దేవతలూ ఎంత అందంగా ఉండేవారు! ఆ రాజుగారి చెప్పులు కుట్టిన మాదిగ అట్ట మీదికి ఎప్పుడొస్తాడా అని మాకు అప్పట్లో అనుమానం కూడా రాలేదు. అట్ట గొప్పతనం అదే మరి. లేనిదాన్ని లేదని అనిపించనివ్వదు.

తర్వాత వామపక్ష, విప్లవ పుస్తకాలొచ్చాయి. 2017లో పోయిన మోహన్, 2021లో పోయిన చంద్ర లాంటి చిత్రకారులు లెక్కలేనన్ని అట్టలు వేశారు. కూలీ వచ్చాడు, కొడవలి వచ్చింది, పిడికిలి వచ్చింది. వాళ్ల చెయ్యి మంచిది, మనసూ మంచిది. కాని ఆ పిడికిలిది ఏ కులం అని అడిగితే ఉద్యమ పెద్దలు 'వర్గం' అన్నారు. 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో నరికిన చేతులకు మాత్రం మన కులం ఏదో బాగా తెలిసింది. అప్పట్నుంచే మన పుస్తకాలకు మన పేర్లు పెట్టుకోవడం గట్టిపడింది. 1989లో వచ్చిన పత్రికకు 'నలుపు' అని పేరు పెట్టారు. దాని సంపాదకులు బొజ్జా తారకం గారు మన కోనసీమ కందికుప్ప బిడ్డే. మనల్ని ఏ రంగు పేరుతో తిట్టారో దాన్నే పత్రిక నుదుట అచ్చేశారు. ఇక దానికి వేరే బొమ్మ కావాలా? 1995లో 'చిక్కనవుతున్న పాట' అని సంకలనం వచ్చింది.

అసలు మనవాళ్లకు పేరు పెట్టడం ముందు నుంచీ తెలుసు. కవులు హంసల్నీ మేఘాల్నీ దూతలుగా పంపుతుంటే జాషువా గారు 1941లో 'గబ్బిలం' అన్నారు. గరిమెళ్ల వారు తెల్లదొరతనం వద్దంటే రాజమండ్రి కుసుమ ధర్మన్న గారు 'మాకొద్దీ నల్లదొరతనం' అన్నారు. మన మామిడికుదురు బోయి భీమన్న గారు 'గుడిసెలు కాలిపోతున్నై' అన్నారు, 1975లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఈ పేర్లు తెల్లకాగితం మీద నల్లసిరాతో వేసినా చాలు, ఆగి చూస్తాం. పేరు చప్పగా ఉంటే నాలుగు కాదు నలభై రంగులు పూసినా లాభం లేదు. మన పుస్తకానికి ఎవరో 'సుమమాల' అని పేరు సూచించారు. ఎవరో చెప్పంలెండి! అది మార్చుకుందాం.

బాబాసాహెబ్ 1936లో లాహోరు సభ కోసం రాసిన ఉపన్యాసం, అదే 'కుల నిర్మూలన', ఆ సభ పెట్టినవాళ్లు భయపడి సభే రద్దు చేసుకుంటే సొంత ఖర్చుతో అచ్చేశారు. ధర ఎనిమిది అణాలు. ధర ఎక్కువైంది, రెండణాలకో నాలుగణాలకో ఇవ్వాలని గాంధీ గారు తన పత్రికలో సలహా కూడా ఇచ్చారు. అయినా 1500 కాపీలు రెండు నెలల్లో అయిపోయాయి. గుజరాతీ, తమిళంలోకి వెళ్లింది, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళంలోకి వెళుతోందని రెండో ముద్రణ ముందుమాటలో ఆయనే రాసుకున్నారు. ఆ జాబితాలో తెలుగు లేదు, అది మన సిగ్గు. పెద్దల వాదానికి ఇది బలం అనుకోకండి. పేరు మోసిన మనిషి పుస్తకం ఉత్త అట్టతో నడుస్తుంది. మనకు ఆ పేరు ఎక్కడిది?

బొమ్మ లేకపోయినా పద్ధతి ఉంటే అట్ట నిలబడుతుంది, అదీ నిజమే. ఇంగ్లండులో 1935లో పెంగ్విన్ వాళ్లు ఆరు పెన్నీలకు పుస్తకం అమ్మారు. అట్ట మీద చిన్న పక్షి గుర్తు, రంగు పట్టీలు, పేరు, అంతే. నారింజ రంగయితే నవల, ఆకుపచ్చయితే నేరపరిశోధన. పనివాళ్లు కూడా కొన్నారు. చౌక వేరు, చిల్లర వేరు అని వాళ్లు రుజువు చేశారు.

మనకు ఇంకా దగ్గరైన మనిషి అమెరికాలో ఉన్నాడు. బ్లాక్ పాంథర్ల పత్రికకు 1967 నుంచి బొమ్మలేసిన ఎమరీ డగ్లస్. బొంబాయిలో 1972లో మన దళిత పాంథర్లు ఎవరి పేరు తీసుకున్నారో ఆ పార్టీయే. డబ్బు లేదు. నలుపుతో పాటు ఇంకొక్క రంగు, అంతవరకే చాలాసార్లు వాళ్ల తాహతు. ఆయన ఆ లోటునే ఆయుధం చేసుకున్నాడు. లావుపాటి నల్ల గీతలు, దాని వెనక ఒక్క రంగు. మురికివాడ గోడ మీద అతికిస్తే వీధి అవతలికి కనపడేది. ఆయన బొమ్మల్లో నల్లజాతి తల్లి అడుక్కుంటూ ఉండదు, నిటారుగా నిలబడి సూటిగా చూస్తుంది. పేదరికం ఉంటుంది, చిరుగు ఉంటుంది, తలవంపు ఉండదు.

ఇప్పుడు అసలు మాట. మన పుస్తకాల మీద మనల్ని ఎలా గీస్తున్నారు? డొక్కలు లెక్కపెట్టొచ్చు, అలాంటి ముసలాయన. సంకెళ్లు వేసిన చేతులు. పగిలిన కుండ. బిడ్డను చంకనేసుకుని ఏడ్చే తల్లి. ఇవి అగ్రకులపోళ్లు వేస్తే మనువాదం అంటాం, మనమే వేస్తే ఏమనాలి? జాలి కూడా ఒక అంటరానితనమే. దూరంగా నిలబెట్టి 'అయ్యో' అంటుంది. మన పాటల పుస్తకంలో ఏడుపు పాటలు ఎన్ని ఉన్నాయి? మేము లెక్కపెట్టాము, మూడు. మిగతావి నాట్ల పాటలు, డప్పు మీద పాడేవి, ఎగతాళి పాటలు, పెళ్లి పాటలు. మరి అట్ట మీద కన్నీటి చుక్క ఎందుకుండాలి?

శవాల ఫోటోల సంగతి కూడా తేల్చుకోవాలి. దాడుల మీద వేసిన పుస్తకాలకు చనిపోయిన వాళ్ల ఫోటోలు అట్ట మీద వేసే అలవాటు ఉంది. నిజం చూపించాలి, దాచకూడదు అంటారు. నిజమే, లోపల వెయ్యాలి. పేరు, తేదీ, ఊరు, చంపినవాళ్ల మీద కేసు ఏమైందో అన్నీ రాసి వెయ్యాలి. అట్ట మీద మాత్రం వద్దంటాం మేము. ఆ పుస్తకం సభలో బల్ల మీద దొంతరగా పడి ఉంటుంది. టీ గ్లాసు దాని మీదే పెడతారు. ఆ బిడ్డ తల్లి కూడా ఆ సభకు వస్తుంది. బతికున్నప్పటి ఫోటో ఒకటి, రేషన్ కార్డు మీదిదైనా సరే, వెతికి అది వెయ్యండి.

రంగు గురించి కుర్రాళ్లకు ఒక మాట. నీలం మనదే, ఎవరూ కాదనరు. కాని అన్ని పుస్తకాలూ నీలమే అయితే బల్ల మీద ఏది పాటల పుస్తకం, ఏది చట్టాల పుస్తకం? మొన్న ఒక తమ్ముడు జీవిత చరిత్ర అనుకుని భూమి చట్టం పట్టుకెళ్లాడు. మంచిదే అయింది, అది కూడా చదవాల్సిందే గదా! అయినా వెన్నుకో పట్టీకో నీలం ఉంచి మిగతాది పుస్తకాన్ని బట్టి మార్చుకోవచ్చు.

ఖర్చు చెబుతాం, వినండి. రంగుల అట్ట అంటే నీలం, ఎరుపు, పసుపు, నలుపు నాలుగు ప్లేట్లు. ఈ నాలుగు కలిసే అన్ని రంగులూ పుడతాయి. రెండు రంగులంటే రెండు ప్లేట్లే. ప్లేటు ఖర్చు వంద కాపీలకైనా వెయ్యికైనా ఒకటే, అందుకే తక్కువ కాపీలు వేసేవాడి నెత్తిన రంగు ఎక్కువ బరువు. డిజిటల్ మిషన్ మీదయితే ప్లేటు లేకుండా యాభై కాపీలైనా తీసుకోవచ్చు, కాని కాపీ ఖరీదు దిగదు. మా లెక్క ఏంటంటే రెండే రంగులు, తెల్ల కార్డు మీద కాకుండా పసుపు కార్డు మీద. అప్పుడు కాగితమే మూడో రంగు అవుతుంది, దానికి ప్లేటు ఖర్చు లేదు. పై మెరుపు కోసం లామినేషన్ చేయిద్దామంటున్నారు. వానాకాలం మన కోనసీమ గాలికి ఒకవైపు లామినేషన్ చేసిన అట్ట చేప తోకలా పైకి లేచిపోతుంది. అది లేకపోతేనేమో చెమట చేతికి రంగు నలుగుతుంది. పాటల పుస్తకం చేతుల్లో నలిగేదే కాబట్టి ఈ ఒక్క విషయంలో కుర్రాళ్లదే నెగ్గనిద్దాం. సైజు మాత్రం చిన్నదే ఉండాలి. చొక్కా జేబులో పట్టాలి, ఆడవాళ్లు రొంటిన దోపుకుంటే ఉండాలి. అరవై పేజీల పుస్తకానికి మధ్యలో పిన్నులే కొడతారు, వెన్ను ఉండదు, బీరువాలో పెడితే కనపడదు. కనక అది బీరువా పుస్తకం కాదు. తాడుకు వేలాడదీసి అమ్మే పుస్తకం.

అక్షరాల గురించి పంతుళ్లుగా పట్టుబడతాం. కొత్తగా చదువు నేర్చుకున్న మన పిన్నమ్మలు వేలు పెట్టి కూడబలుక్కుని చదివేది ముందు అట్టనే. వంకరలు తిప్పి, పువ్వులు అతికించి, 'ప' ఏదో 'వ' ఏదో తెలియకుండా రాస్తే ఆ మనిషి 'నాకు చదువు రాదులే' అని పుస్తకం కింద పెట్టేస్తుంది. ఆమెను బడి దాకా తెచ్చిన కష్టం అంతా అక్కడ పోతుంది. చెయ్యి చాపినంత దూరం నుంచి పేరు చదవగలగాలి. తలకట్టు, గుడి, వత్తు విడివిడిగా కనపడాలి.

పేరంటే ఇంత గొడవా అని ఎవరైనా అంటే, మన జిల్లా సంగతి గుర్తు చెయ్యండి. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా పుట్టింది. మే 18న దానికి బి.ఆర్. అంబేద్కర్ పేరు పెడుతున్నట్టు ప్రకటన వచ్చింది. మే 24న అమలాపురం తగలబడింది. దళిత మంత్రి ఇల్లు కాల్చారు, ఒక ఎమ్మెల్యే ఇల్లు కాల్చారు, బస్సులు కాల్చారు. జిల్లాలో ఒక్క కాలువ గట్టు మారలేదు, ఒక్క ఎకరం చేతులు మారలేదు. మారబోయింది అట్ట మీద పేరు ఒక్కటే. దానికే అంత మంట! ఆగస్టులో పేరు ఖాయమైంది, ఇవాళ ఆఫీసు బోర్డుల మీద ఉంది. ఇప్పటికీ ఉత్తరం మీద, శుభలేఖ మీద పై రెండు మాటలూ మింగేసి 'కోనసీమ జిల్లా' అని మాత్రమే రాసేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. అట్ట చింపేసి పుస్తకం చదువుకోవడం లాంటిదే అది. ఆ పేరున్న పుస్తకాన్ని బస్సులో పట్టుకెళుతూ పైన న్యూసుపేపరు చుట్టుకున్న మన పిల్లలూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టం. ఆ పేపరు అవసరం లేని రోజు తేవడం పెద్దల పని.

చివరగా బొమ్మ ఎవరు వెయ్యాలి అన్నది. పట్నంలో పేరున్న ఆర్టిస్టు చేత వేయిద్దామని కొందరన్నారు. ఫోన్లో అడిగితే యంత్రమే వేసిస్తుందని ఒక తమ్ముడు వేయించి కూడా చూపించాడు. 'దళిత పాటగాడు' అని అడిగాడట. తలపాగా, చింపిరి బట్టలు, చేతిలో ఏక్‌తార, వెనక ఎడారి! మన దగ్గర ఎడారి ఎక్కడుందండీ, మోకాలు ముంచే నీళ్లు తప్ప. లోకంలో ఇప్పటిదాకా మనల్ని ఎలా గీశారో ఆ యంత్రం అదే తిరిగి ఇస్తుంది. దాని తప్పేముంది.

మన పక్క పేటలో ఒక పెయింటరు ఉన్నాడు. పడవల మీద పేర్లు రాసేవాడు, షాపుల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది, ఇప్పుడు దింపుకు వెళుతున్నాడు. ఏడాదికోసారి విగ్రహానికి రంగు మాత్రం ఆయనే వేస్తాడు. ఇందాక చెప్పిన ఆ రాజ్యాంగం అట్టల్లో కొన్ని ఆయన చేతివే. ఆయన్ని అడిగితే ఒప్పుకున్నాడు, మూడు బొమ్మలు వేసిచ్చాడు. పని చేయించుకుని దండం పెట్టడం మన ఉద్యమంలో పాత జబ్బు. డబ్బు ఇవ్వాలి, లోపలి పేజీలో ఆయన పేరు వెయ్యాలి. ఈ రెండింటి మీదా మేము వెనక్కి తగ్గము.

ఆ మూడు బొమ్మలూ వెనక కొబ్బరితాడుకు క్లిప్పులు పెట్టి వేలాడదీశాం. ఒకదాని మీద డప్పు, ఒకదాని మీద నాట్లేసే ఆడవాళ్ల వరస, మూడోది చూసి మీరే చెప్పాలి. పేరు ఇంకా రాయించలేదు. భోజనాలకు లేచేముందు చదువు రానివాళ్లు ముందుగా వెళ్లి చూడండి. ఇది దేని పుస్తకం అనిపిస్తోందో అక్కడ కూర్చున్న మా ఆడపిల్లకు చెప్పండి, మీరు చెప్పింది చెప్పినట్టు ఆ పిల్ల రాసుకుంటుంది. చదువుకున్నవాళ్లు తర్వాత వెళ్లండి. ఎక్కువమంది చదువు రానివాళ్లు 'పాటల పుస్తకం' అని ఏ బొమ్మను గుర్తుపడితే అది సోమవారం ప్రెస్సుకు వెళుతుంది.